తూకానికి అందని విలువ

పాత ఇనప సామాన్ల కొట్టు ముందు ఎప్పుడైనా ఓ పావుగంట నిలబడి చూడండి. చిల్లుపడ్డ బకెట్టు, విరిగిపోయిన బోరింగు హేండిలు, నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో వేపుళ్ళు వేగిన ఇనప మూకుడు, అన్నీ ఒకే కాటా ఎక్కుతాయి. ఇత్తడికి కిలో ఇంత, ఇనుముకి ఇంత, కాగితానికి ఇంత, కలపకి అడుగు ఇంత అని లెక్క కట్టేస్తారు. ఆ మూకుడు ఎంత నున్నగా అరిగిందో, దాని మీద అట్టు ఎలా ఊడొస్తుందో కాటాకి తెలీదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదల్చుకున్నది అదే. పాత సామాన్ల బేరంలో మనం డబ్బిచ్చేది బరువుకి. పనితనం, వయసు, మన్నిక మనకి ఊరికే వస్తాయి. వాటిని పట్టుకునే చూపు అలవాటు చేసుకుంటే ఈ వేటంత సంతోషం ఇంకే కొనుగోలులోనూ ఉండదు.

మొదటి అడ్డంకి డబ్బు కాదు, మొహమాటం. ‘ఎవరో వాడి వదిలేసినవి మనకెందుకు’ అన్న మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. కానీ పురిటి బిడ్డకి మనం మొదట చుట్టేది పాత నూలు చీర ముక్కే కదా, ఒంటికి మెత్తగా ఉంటుందని. చలికాలం కప్పుకునే బొంత అమ్మమ్మ పాత చీరలతో కుట్టిందే. మన అమ్మమ్మ బిందె అయితే గొప్పగా చెప్పుకుంటాం, పక్క ఊరి అమ్మమ్మ బిందె అయితే చిన్నతనం అనుకుంటాం. ఆ తేడా బిందెలో లేదు. అమెరికాలో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదరీ 1902లో బోస్టన్‌లో మొదలుపెట్టిన గుడ్‌విల్ సంస్థ ఇవాళ ఊరూరా పాత సామాన్ల దుకాణాలు నడుపుతోంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ వాళ్ళు 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇలాంటి దుకాణమే తెరిచారు. పై చదువులకి అక్కడికి వెళ్ళిన మన పిల్లలు చాలామంది మొదటి చలికోటు అలాంటి చోటే కొనుక్కుంటారు, ఆ సంగతి ఫోన్లో సంబరంగా చెబుతారు కూడా. మన గోదావరి జిల్లాల్లో అంత హంగున్న దుకాణాలు లేవు. మనకున్నవి పాత సామాన్ల కొట్లు, వీధుల్లో కేకేస్తూ తిరిగే స్టీలు సామాన్లవాళ్ళు, ఇల్లు విప్పిన చోట పడి ఉండే కలప గుట్టలు. సరుకు మాత్రం అక్కడికంటే ఇక్కడే మేలైనది దొరుకుతుందని నా నమ్మకం.

ఎందుకంటారా? ఇత్తడి సంగతే చూడండి. ఈ డెల్టాలో ఇంత ఇత్తడి పోగుపడడానికి పెళ్ళిళ్ళే కారణం. ఆడపిల్లని అత్తారింటికి పంపితే వెంట సారె వెళ్ళాలి. బిందెలు, గుండిగలు, గంగాళం, మరచెంబు, దీపపు సెమ్మెలు, కంచు కంచాలు. పంటలు పండిన ఏడాది పెళ్ళిళ్ళకి అవి ఇంకా బరువెక్కేవి. తర్వాత స్టీలు వచ్చింది, ఇంట్లోకి కుళాయి వచ్చింది, ఫ్రిజ్జు వచ్చింది, ఇత్తడి అటకెక్కింది. ఇప్పుడు ఆ అటకలున్న ఇళ్ళే పోతున్నాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడో, పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికి ఫ్లాటుకి మారినప్పుడో మూటలు కాటా ఎక్కుతున్నాయి. తణుకుకి దగ్గర్లో పెరవలి మండలంలోని అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. పాత ఇత్తడి కరిగి కొత్త వస్తువు కావడం ఆ పనిలో మామూలే. కరిగే లోపు అది మన కంట పడాలి.

బిందెని కాటా ఎక్కించక ముందే తిరగేయండి. అడుగున బూడిద రంగు మచ్చ కనిపిస్తే అక్కడ చిల్లుపడి మాటు వేశారని అర్థం. అలాంటి మాటుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి వంటకీ తాగునీళ్ళకీ ఆ పాత్ర వద్దు, మొక్క పెట్టుకోవడానికి తీసుకోవచ్చు. తర్వాత పక్కల్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. చేత్తో కొట్టిన బిందె మీద సుత్తి దెబ్బలు వరసలు వరసలుగా చుట్టూ తిరుగుతాయి. మిషను మీద తీసిన దాని మీద సన్నని గీతలు గుండ్రంగా ఉంటాయి. రెండూ ఒకే రేటుకి తూగుతాయి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అంటుకుంటే లోపల ఇనుముంది, పైన పూత మాత్రమే. చివరగా చెంబుడు నీళ్ళు అడిగి పోసి, ఓ పదినిమిషాలు పొడి నేల మీద పెట్టండి. అడుగు తడిస్తే చిల్లున్నట్టే. ఈ పరీక్షకి ఏ కొట్టు ఆయనా అడ్డు చెప్పడు, తెలిసిన మనిషి వచ్చాడని కాస్త గౌరవం కూడా ఇస్తాడు.

కంచుకి పరీక్ష చెవితోనే. ఇత్తడి రాగీ జింకూ కలిసింది, కంచు రాగీ తగరం కలిసింది, దాదాపు నాలుగు పాళ్ళకి ఒక పాలు. కంచు కంచాన్ని అయిదు వేళ్ళ కొసల మీద నిలిపి, అంచున వేలి కణుపుతో కొట్టండి. మోత సాగి సాగి ఆగాలి. బొంగురుగా పలికి చటుక్కున ఆగిపోతే ఎక్కడో కంటికి కనపడని బీట ఉంది. కంచుకి అతుకు నిలవదు కాబట్టి అది వదిలేయాలి. ఇత్తడి గుట్టలో కంచు గిన్నెలు కలిసిపోయి ఉండడం మామూలే. గుట్ట కెలికే ఓపిక ఉన్నవాళ్ళకే అవి దొరుకుతాయి.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఘట్టం పేరు చదవడం. మెడ కిందో అంచు మీదో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలుంటాయి. చింతపండుతో తోమీ తోమీ సగం అరిగిపోయి ఉంటాయి. వేలితో తడుముతూ చదవాలి. ఇంటిపేరు పొడి అక్షరాలు, ఊరు, ఒక్కోసారి పెళ్ళి జరిగిన ఏడాది. నా దగ్గరున్న ఒక గుండిగ అంచు కింద ‘ఆత్రేయపురం – జయ – వైశాఖం’ అని ఉంది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. జయ 2014లో వచ్చింది, అంతకు ముందు 1954లో. ఇప్పుడు పేర్లన్నీ మిషనుతోనే చెక్కుతున్నారు, ఆ గుండిగ మీదవి చేతి దెబ్బలు, అరుగుదల చూస్తే కొత్తది కానే కాదు. అంటే 1954 వేసవిలో ఆత్రేయపురం అమ్మాయి పెళ్ళికో, ఆత్రేయపురం వచ్చిన కోడలికో ఆ గుండిగ సారెగా కదిలింది. ఇంత చరిత్ర తెలిసింది నేను అదనంగా ఒక్క పైసా ఇవ్వకుండానే. మీరూ ఒకసారి చదవడం మొదలుపెట్టండి, పేరు లేని పాత్ర కొనాలనిపించదు.

డబ్బు లెక్క ఇంటి దగ్గరే వేసుకోండి. ఆ రోజు పాత ఇత్తడి రేటు, కొత్త ఇత్తడి రేటు వేరువేరు కొట్లలో అడిగి తెలుసుకోవాలి. లెక్క తేలిగ్గా ఉండడానికి పాతది కిలో 500, కొత్తది కిలో 900 అనుకుందాం. మీకు నచ్చిన గుండిగ నాలుగు కిలోలుంటే కొట్టు ఆయనకి అది 2000 సరుకు. కొత్త షాపులో అదే బరువు 3600. మీ బేరం ఈ రెంటి మధ్యనే జరగాలి. 2500కి కుదిరితే ఇద్దరికీ న్యాయం. దాంట్లో వండాలనుకుంటే కళాయి ఖర్చు కలపండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే చిలుం పట్టి చేటు చేస్తుంది. నవాసారం చల్లి, తగరం పూసి, కుంపటి మీద తిప్పి తిప్పి కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు బాగా తగ్గిపోయారు. కనక ముందు కళాయివాడిని వెతికిపెట్టుకుని, తర్వాత వంట పాత్ర కొనండి.

ఇక కలప. కోనసీమలో, పశ్చిమ గోదావరి ఊళ్ళల్లో మండువా లోగిళ్ళు ఒక్కొక్కటీ నేలమట్టమవుతున్నాయి. నాకది బాధగానే ఉంటుంది. ఇల్లు ఎలాగూ నిలవనప్పుడు ఆ కొయ్య పొయ్యిలోకి పోకుండా ఇంకో ఇంట్లో నిలబడితే మంచిదని మాత్రం గట్టిగా అనుకుంటాను. ఆ ఇళ్ళల్లోని టేకు కొంత పాపికొండల ఎగువ నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించింది, కొంత బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. అలాంటి ముదురు చేవ ఇప్పుడు మార్కెట్లో ఎంత పెట్టినా దొరకడం కష్టం. ఇల్లు విప్పే కాంట్రాక్టరు దానికి అడుగుల లెక్కన ధర కడతాడు. స్తంభం మీద చెక్కిన తామరపువ్వుకీ, ద్వారబంధం మీద లక్ష్మీదేవికీ వేరే రేటు ఉన్నా అది మీ మొహంలో ఆశ చూసి చెప్పే రేటు. అందుకని ముందు దూలాల గురించి అడగండి, తర్వాత గుమ్మం గురించి.

కొయ్యని చూసేటప్పుడు రంగుకి లొంగకండి. పైన ఎన్ని పూతలున్నా, కింది పక్క చాకుతో రవ్వంత గీరితే అసలు చార బయటపడుతుంది. టేకుకి నూనె కలిసిన వాసనుంటుంది, పాతదైనా గీరితే ఆ వాసన వస్తుంది. పురుగు కన్నాలు కనిపిస్తే వెంటనే వద్దనేయక్కర్లేదు. అరచేత్తో తట్టండి. కన్నంలోంచి తాజాగా మెత్తని పొట్టు రాలితే లోపల పురుగు బతికే ఉంది. ఏమీ రాలకపోతే అది ఏనాటి కన్నమో. మంచం కోళ్ళూ బీరువా కాళ్ళూ కింది జానెడు మేర నల్లగా ఉంటే వరద నీళ్ళలో నానాయన్నమాట. గోళ్ళతో నొక్కండి, మెత్తగా దిగబడితే వదిలేయండి. పందిరి మంచాలకీ ఉయ్యాల బల్లలకీ మేకుల్లేకుండా కొయ్యలో కొయ్య దిగే అతుకులుంటాయి. అవి కదులుతున్నా భయం లేదు, మంచి వడ్రంగి బిగిస్తాడు. మేకులు కొట్టి బాగుచేసినవైతేనే ఆలోచించాలి. చిత్రిక పట్టేటప్పుడు దాగి ఉన్న మేకు తగిలితే కత్తి అంచు పోతుంది, మేస్త్రి ఆ చిరాకు కూలీలో చూపిస్తాడు. ఇత్తడికి తీసుకెళ్ళిన అయస్కాంతమే ఇక్కడా పనికొస్తుంది, కొయ్య మీద అంగుళం అంగుళం జరుపుతూ పోతే మేకుల జాడ తెలుస్తుంది.

కొలతలు మర్చిపోకండి. పాత గుమ్మాలు పొట్టివి, తల వంచుకుని లోపలికి వెళ్ళేలా కట్టినవి. మీ కొత్త ఇంట్లో ఆ గుమ్మం పట్టే చోటు ఉందో లేదో టేపు పెట్టి చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వద్దు. ట్రాలీ బాడుగ, వడ్రంగి కూలి, పాలిషు కలిపితే కొన్ని వస్తువులు కొయ్య ఖరీదుకి రెట్టింపవుతాయి. అయినా సరే అనిపిస్తేనే కొనండి.

కాగితం గుట్టల్లో వెతకడానికి ఓపిక ఎక్కువ కావాలి, డబ్బు చాలా తక్కువ చాలు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ పుస్తకాలు బాపు బొమ్మలతో, ఎమెస్కో వాళ్ళ పాకెట్ పుస్తకాలు పాత అట్టలతో, 1947 జూలైలో మొదలైన చందమామ సంచికలు, అన్నీ కిలోల లెక్కన మిల్లులకి వెళ్ళి గుజ్జవుతున్నాయి. వీటికంటే నేను ఎక్కువ ఆత్రంగా వెతికేవి ఇళ్ళల్లో చేయించిన బైండ్లు. వారపత్రికల్లో వచ్చిన సీరియలు పేజీలు వారం వారం చింపి దాచి, పూర్తయ్యాక బైండు చేయించుకోవడం ఒకప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి పెద్ద సరదా. ఆ నవల తర్వాత పుస్తకంగా వచ్చినా వారం వారం వేసిన బొమ్మలన్నీ పుస్తకంలో ఉండవు. ఆ బొమ్మలున్నది ఈ బైండ్లలోనే. పైన పేరుండదు, అట్ట చినిగి ఉంటుంది, కొట్టు ఆయన దాన్ని పాత నోటుపుస్తకాల్లో పడేస్తాడు. కనపడిన ప్రతి బైండూ తెరిచి చూడండి. పురుగు తిన్నా, చెద పట్టినా ఇంటికి తేవద్దు, ఉన్న పుస్తకాలకి అంటుకుంటుంది.

బట్టల గురించి క్లుప్తంగా చెబుతాను. రాజమండ్రి తాడితోట హోల్‌సేలు బజారులోనూ, ద్వారపూడి బట్టల మార్కెట్లోనూ కట్ పీసులు, మిగులు థానులు చూడడం వేరే విద్య, అవి కొత్తవే కాబట్టి ఈ అధ్యాయంలోకి తేను. పాత పట్టుచీరల దగ్గర మాత్రం కొనడం కంటే అమ్మడంలో జాగ్రత్త కావాలి. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని వీధిలో తిరిగేవాళ్ళు చూసేది జరీలోని వెండిని. అమ్మ పెళ్ళిచీర ఇచ్చి రెండు స్టీలు డబ్బాలు తీసుకునే ముందు, దాని జరీలో వెండి ఉందేమో తెలిసిన నేతగాడికో కంసాలికో చూపించండి. ఇక వాడిన పరుపులు, దిండ్లు, హెల్మెట్లు, గ్యాసు గొట్టాలు ఎంత చవకగా వచ్చినా వద్దు. పాత ఫోను కొంటే బిల్లు అడగండి, పాత బండి కొంటే ఆర్‌సీ మీది ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ బండి మీదివాటితో సరిచూడండి.

వెళ్ళే రోజులకీ ఓ లెక్క ఉంది. సంక్రాంతికి ముందు ఇళ్ళకి సున్నాలు వేస్తారు, అటకలు దులుపుతారు, విరిగిన కొయ్య సామాను భోగి మంటకి సిద్ధమవుతుంది. ఆ రెండు మూడు వారాలు కొట్లు నిండుతాయి. విరిగిన పీట, చక్రం ఊడిన మూడు చక్రాల బండి మంటలోకి పోయే ముందు మీ పేటలో అడిగి చూడండి, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ముహూర్తాలుండవు, బేరాలు మందగిస్తాయి, అప్పుడు కొట్టు ఆయన కూర్చోబెట్టి మాట్లాడతాడు. తెల్లవారే బోణీ బేరానికి వెళితే ధర కాస్త దిగుతుంది. బోణీ వేళ వెళ్ళి కొనకుండా మాత్రం రాకండి, అది వాళ్ళకి నిజంగా కష్టం కలిగిస్తుంది.

బేరం ఆడడం తప్పని కొందరు సంకోచిస్తారు. మన దగ్గర బేరమంటే ఇద్దరు మనుషుల పలకరింత. ‘ఎంతకిస్తారండీ బాబూ’ అని మీరంటారు. ఓ అంకె వస్తుంది. మీరు తక్కువ చెబుతారు. ‘మాకు గిట్టదండి’ అంటాడు. ఆ మాట రెండు రకాలుగా వస్తుంది. వస్తువు మీద చెయ్యి వేసే ఉంచి అంటే ఇంకా జాగా ఉంది. వస్తువు తీసి పక్కన పెట్టేసి అంటే అదే ఆఖరు. అక్కడితో మీరూ ఆగాలి. ధర దిగనప్పుడు కొసరు అడగండి. గుండిగకి మూత, బిందె పక్కన పడున్న సోల, బైండు కింద నలిగిన చందమామ ఒకటి. డబ్బులో పట్టుపట్టే వ్యాపారి కొసరులో ఉదారంగా ఉంటాడు.

ఇక్కడ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. వ్యాపారి దగ్గర ఎంత బేరమైనా ఆడండి, అతనికి తన లెక్క తెలుసు. నేరుగా ఇంటివాళ్ళ దగ్గర కొంటున్నప్పుడు, వాళ్ళకి దాని విలువ తెలియకపోతే మీరే చెప్పండి. ఆసుపత్రి ఖర్చుకో పిల్లల ఫీజుకో సామాన్లు అమ్ముకునే ఇంట్లో ‘ఇది ఇత్తడి కాదమ్మా, కంచు, దీనికి ఇంకా ఎక్కువొస్తుంది’ అనగలగాలి. ఆ మాట చెప్పాక కూడా వాళ్ళు మీకే అమ్ముతారు, తర్వాత తమ చుట్టాల ఇంటి అటక సంగతి కూడా మీకే చెబుతారు. చెప్పకుండా తెచ్చుకున్న వస్తువుని ఇంట్లో రోజూ చూసుకుని సంతోషపడడం నా వల్ల కాదు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. వందేళ్ళు దాటిన విగ్రహాలు, శిల్పాలు, లోహపు బొమ్మలు, డెబ్భై అయిదేళ్ళు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, వ్యక్తులు దేశం దాటించకూడదు. ఎవరైనా గుడి విగ్రహమని చెవిలో చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఏనుగు దంతం వస్తువు అసలే ముట్టుకోవద్దు. తాళపత్రాలు కంటపడితే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో చూపించండి, అక్కడ అలాంటివి భద్రపరుస్తారు. గోదావరి గట్టు మీది రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం కూడా తీరిగ్గా చూసి రండి. అసలైన పాత వస్తువు అంచు ఎలా అరుగుతుందో అక్కడ చూసిన కన్ను, బజార్లో ఆమ్లం పోసి పాతబరిచిన నకిలీని తొందరగా పసిగడుతుంది.

ఇవన్నీ ఒక్కసారి నేర్చుకోనక్కర్లేదు. ఇత్తడో, కొయ్యో, పుస్తకమో ఒకటి ఎంచుకోండి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న కొట్టుకి ఆ ఒక్కదాని కోసమే వెళుతూ ఉండండి. ఏమీ దొరకని రోజు కూడా కొట్టు ఆయనతో కాసేపు కూర్చుని ఏ ఊళ్ళో ఏ ఇల్లు విప్పుతున్నారో, ఎవరింట పంపకాలు జరిగాయో కనుక్కోండి. మీకు కావలసింది విడమరిచి చెప్పండి. ‘పాతవి ఏవైనా’ అంటే ఆయనకి గుర్తుండదు. ‘పేరు కొట్టిన మరచెంబులు వస్తే కరిగింపుకి పంపకుండా నాకో ఫోన్ కొట్టండి బాబాయ్’ అంటే గుర్తుంటుంది. ఫోన్ వచ్చిన రోజునే వెళ్ళండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో, మూత మర సరిగా పట్టట్లేదనో అడుగున మాటుందనో, చూపించి చెప్పండి. రెండోసారి ఆయనే మూత తిప్పి చూసి, బాగుంటేనే మీకు కబురు పెడతాడు.